హాలీ – కల్దారు: గోదావరి సరిహద్దున రెండు రూపాయల మారకం (1853–1959)

వ్యాససంగ్రహం

నేటి ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు సుమారు ఒక శతాబ్దం పాటు రెండు ద్రవ్యవ్యవస్థల నడుమ ఉంది. గోదావరి కుడిగట్టున నిజాం రాజ్యపు హాలీ సిక్కా, ఎడమగట్టున బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి చట్టబద్ధమైన నాణేలు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలన్నది వాటి మధ్య నిలిచిన అధికారిక మారకం. ఈ నిష్పత్తికి వెండి లెక్కలో ఉన్న ఆధారాన్ని, 1893 తర్వాత దాని స్వభావంలో వచ్చిన మార్పును, చిల్లర లావాదేవీలపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థిరమైన మారకపు రేటు పెద్ద మొత్తాలకు ఇచ్చిన భద్రతను చిన్న మొత్తాలకు ఇవ్వలేదనీ, కాబట్టి ఈ ప్రాంతపు పత్రాల్లో 'రూపాయి' అన్న మాటను నాణెం నిర్ధారించకుండా చదవడం చరిత్రరచనలో దోషానికి దారితీస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హాలీ సిక్కా, కల్దారు, ఉస్మానియా సిక్కా, మారకం, వట్టం, భద్రాచలం, పాల్వంచ, ఏజెన్సీ, ఫసలీ.

1. ఉపోద్ఘాతం

భద్రాచల రామదాసు కథలో ప్రభువుకు చెల్లించవలసిన బాకీ ఆరు లక్షలు. సంఖ్య ఇలా స్థిరపడినా, నాణెం పేరు మాత్రం చెప్పేవారిని బట్టి వరహా అనీ, మొహరీ అనీ, మాడ అనీ మారుతుంది. భక్తికథకు ఈ భేదం అడ్డు కాదు. ఆర్థిక చరిత్రకు మాత్రం ఇదే మొదటి ప్రశ్న. 'ఎంత' అన్న ప్రశ్నకు ముందు 'ఏ నాణెంలో' అన్న ప్రశ్న తేలకపోతే సంఖ్యకు అర్థం లేదు.

పందొమ్మిదో శతాబ్ది మధ్య నుంచి ఇరవయ్యో శతాబ్ది మధ్య వరకు ఈ ప్రశ్న భద్రాచలం పరిసరాల్లో నిత్యజీవితానికి సంబంధించినది. సారపాక వైపు నుంచి పడవెక్కి భద్రాచలం రేవులో దిగిన మనిషి భాష మారదు, దైవం మారదు, బంధుత్వాలు మారవు. మొలలోని రూపాయి విలువ మారుతుంది. హైదరాబాదు ద్రవ్యవ్యవస్థపై జరిగిన చర్చలో రాజధాని, టంకశాల, దివాన్లు, బ్యాంకులు ప్రధానంగా కనిపిస్తారు. నాణెం విలువ పరీక్షకు నిలిచేది మాత్రం సరిహద్దులోనే. అందుచేత ఈ పరిశీలనకు గోదావరి గట్లే కేంద్రం.

2. ఒక నది, రెండు పాలనలు

గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860 నాటి ఒప్పందంతో నిజాం నుంచి బ్రిటిష్ వారికి సంక్రమించాయి. మొదట మధ్యపరగణాల్లో ఉన్న ఈ తాలూకాలను 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు. తరువాతి కాలంలో చర్ల, నూగూరు ప్రాంతాలు కూడా మద్రాసు పరిధిలోకి వచ్చాయి. ఈ భూభాగమంతా ఏజెన్సీ పాలనలో నడిచింది. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ, అశ్వాపురం ప్రాంతాలు నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. ఖమ్మం అప్పుడు జిల్లా కాదు. వరంగల్ జిల్లాలో భాగం.

ఈ సరిహద్దు నదికే పరిమితం కాదు. దక్షిణంగా అశ్వారావుపేట, సత్తుపల్లి, మధిర ప్రాంతాలు బ్రిటిష్ గోదావరి, కృష్ణా జిల్లాలను నేలమీదే ఆనుకొని ఉన్నాయి. రాజ్యంలోకి వచ్చే, పోయే సరుకుపై 'కరోడ్‌గిరీ' శాఖ సుంకం వసూలు చేసేది. 1802 వాణిజ్య ఒప్పందం ఈ సుంకాన్ని నూటికి ఐదుగా నిర్ణయించింది. సరిహద్దు దాటే వర్తకుడికి ఈ విధంగా రెండు లెక్కలు తప్పనిసరి: నాకాలో సుంకం, షరాబు దగ్గర మారకం.

దేవస్థానానికీ ఈ ద్వంద్వస్థితి తప్పలేదు. ఆలయం బ్రిటిష్ భూభాగంలో ఉన్నా నిజాం ప్రభుత్వం దానికి ఏటా నగదు గ్రాంటు ఇచ్చేది. శ్రీరామనవమికి ఉభయ రాజ్యాల నుంచి భక్తులు వచ్చేవారు. దాత ఒక ద్రవ్యమండలంలో, గ్రహీత మరొక ద్రవ్యమండలంలో ఉన్నప్పుడు దేవస్థానపు ఆదాయాన్ని ఏ రూపాయిలో లెక్కించారన్నది ఆ లెక్కలు చదివే ప్రతివారూ తేల్చుకోవలసిన అంశం.

3. ఏడుకు ఆరు: వెండి లెక్క

1853లో దివానుగా బాధ్యత స్వీకరించిన మొదటి సాలార్‌జంగ్‌కు నాణేల గందరగోళం వారసత్వంగా లభించింది. గోవింద్‌బక్షీ, గద్వాల, నారాయణపేట మొదలైన రూపాయలు వేర్వేరు తూకాలతో, వేర్వేరు వన్నెలతో చెలామణీలో ఉండేవి. జిల్లాల్లోని టంకశాలలను మూసివేసి నాణెముద్రణను హైదరాబాదులో కేంద్రీకరించడం సాలార్‌జంగ్ సంస్కరణల్లో ముఖ్యమైనది. అలా స్థిరపడినదే హాలీ సిక్కా. 'హాలీ' అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నదని అర్థం. దానికి ఎదురుగా నిలిచిన బ్రిటిష్ రూపాయికి జనం పెట్టుకున్న పేరు 'కల్దారు', అంటే 'కల్' మీద, యంత్రం మీద అచ్చయినది. ఒక పేరు కాలాన్ని, మరొకటి తయారీని సూచించడం గమనార్హం.

బ్రిటిష్ రూపాయి తూకం 180 గ్రెయిన్లు. పన్నెండింట పదకొండు వంతుల వన్నెతో అందులో 165 గ్రెయిన్ల మేలిమి వెండి ఉండేది. హైదరాబాదు రూపాయి తూకం సుమారు 172.5 గ్రెయిన్లు, వన్నె వెయ్యికి 818. మేలిమి వెండి సుమారు 141 గ్రెయిన్లు. ఈ లెక్కన నూరు కల్దారు రూపాయల్లోని వెండి సుమారు 117 హాలీ రూపాయల్లోని వెండికి సమానం.

అధికారిక మారకం 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. ఇది సరిగ్గా ఆరుకు ఏడు నిష్పత్తి. వెండి విలువకు ఇది దాదాపు సమీపంగా ఉంది. అంటే ఈ రేటు కేవలం రాజాజ్ఞతో పుట్టింది కాదు. షరాబు తక్కెడలో తేలే సత్యానికి ప్రభుత్వం ఇచ్చిన అంకరూపం అది. నాణెం తన బరువుతోనే తన విలువను నిలుపుకొన్నంతకాలం నది దాటడం వల్ల ఎవరికీ సూత్రరీత్యా నష్టం లేదు.

బ్రిటిష్ ప్రభుత్వం 1876లో దేశీయ సంస్థానాల నాణేలపై చట్టం చేసి, సంస్థానాలు తమ నాణేలను బ్రిటిష్ టంకశాలల్లో అదే ప్రమాణంతో ముద్రించుకొనే వీలు కల్పించింది. ఆళ్వార్, బికనీర్ వంటివి ఆ మార్గం పట్టాయి. హైదరాబాదు పట్టలేదు. సొంత టంకశాల సార్వభౌమత్వానికి చిహ్నం. ఆ చిహ్నానికి సరిహద్దు ప్రజలు చెల్లించిన మూల్యమే మారకం.

4. 1893 తర్వాత: తక్కెడ నుంచి ఖజానాకు

1893లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు ప్రజల వెండిని స్వీకరించి నాణేలుగా మార్చడం మానివేశాయి. అప్పటికి ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోతూ వచ్చింది. టంకశాల మూతతో కల్దారు రూపాయి తనలోని వెండి విలువకు మించిన విలువను పొందింది. శతాబ్దాంతానికి అది ఒక షిల్లింగు నాలుగు పెన్సుల వద్ద స్థిరపడింది. దీనితో రెండు రూపాయల మధ్య వెండి లెక్క తెగిపోయింది. తూకం వేసి మారకం చెప్పే షరాబు జ్ఞానం ఒక్కసారిగా అసంపూర్ణమైంది.

హైదరాబాదు ఈ సంక్షోభాన్ని ఎదుర్కొన్న తీరులో 1904 ఒక మలుపు. ఆర్థికశాఖ బాధ్యతల్లో ఉన్న జార్జి కాసన్ వాకర్ కాలంలో చార్మినారు ముద్రతో యంత్రనిర్మితమైన మహబూబియా నాణేలు వచ్చాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కిన తర్వాత ఈ రూపాయికి ఉస్మానియా సిక్కా అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు హాలీ కూడా 'కల్' మీదనే తయారవుతున్నది. అయినా 'కల్దారు' అన్న పేరు బ్రిటిష్ రూపాయికే మిగిలిపోయింది.

నిష్పత్తి అంకె మారలేదు, ఆధారం మారింది. ఏడుకు ఆరు అన్న రేటును నిలబెట్టే బాధ్యత వెండి నుంచి ప్రభుత్వ నిల్వలకు సంక్రమించింది. సిక్కా స్థిరీకరణ నిధి అన్న పేరుతో ప్రత్యేక నిల్వను నిర్వహించడం ఇందుకు నిదర్శనం. 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకుకు ఉస్మానియా సిక్కా నిర్వహణ ప్రధాన బాధ్యతల్లో ఒకటి.

దీని ఫలితంగా ఒక గొలుసు ఏర్పడింది. హాలీ కల్దారుకు, కల్దారు పౌనుకు కట్టుబడ్డాయి. 1927లో భారత రూపాయిని ఒక షిల్లింగు ఆరు పెన్సులుగా నిర్ణయించినప్పుడు, ఏడుకు ఆరు లెక్కన హాలీ రూపాయి సుమారు పదిహేనున్నర పెన్సులైంది. ఇల్లందు బొగ్గుగనుల చరిత్రలో ఈ గొలుసు మూడు కొనలూ కలుస్తాయి. 1886లో లండన్‌లో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ పెట్టుబడి పౌన్లలో, గనులున్న నేల హాలీ రాజ్యంలో, బెజవాడ వైపు సాగిన రైలుమార్గం కల్దారు మండలంలోకి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడిన తర్వాత కూడా ఈ త్రివిధ ద్రవ్యసంబంధం కొనసాగింది.

5. చిల్లరలో మిగిలే విలువ

ఖజానా నిలబెట్టిన రేటు ఖాతాపుస్తకంలో నిర్దుష్టంగా ఉంటుంది. సంతలో అలా ఉండదు. కారణం ఏడు అన్న సంఖ్య. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైసలు అన్న విభజనలో ఏడుతో నిశ్శేషంగా భాగించడం కుదరదు. ఒక కల్దారు రూపాయికి హాలీలో 1 రూపాయి 2 అణాల 8 పైసలు కచ్చితంగా వస్తాయి. ఒక హాలీ రూపాయికి కల్దారులో రావలసినది 13 అణాల 8 పైసలు, ఆపైన పైసలో ఏడింట నాలుగు వంతులు. ఈ చివరి భిన్నానికి నాణెం లేదు.

మొత్తం తగ్గినకొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. ఒక హాలీ అణాకు కల్దారులో 10 పైసల 2/7 వంతు రావాలి. పది పైసలిస్తే నష్టం సుమారు నూటికి మూడు. కాణీ నాణేలే చేతిలో ఉన్న దుకాణదారు మూడు కాణీలు, అంటే తొమ్మిది పైసలు ఇస్తే నష్టం సరిగ్గా ఎనిమిదో వంతు, నూటికి పన్నెండున్నర. వెయ్యి రూపాయలు మార్చుకొనే వర్తకుడికి ఇదే సర్దుబాటు వల్ల పోయేది మహా అయితే కాణీకి లోపే. రేటు ఒకటే. పెద్ద మొత్తానికి అది ఏడుకు ఆరు. అణాకు, బేడకు అది మరొకటి.

రెండో చిక్కు శాతాల్లో ఉంది. కల్దారు హాలీ కంటే నూటికి 16 2/3 ఎక్కువ. హాలీ కల్దారు కంటే నూటికి 14 2/7 మాత్రమే తక్కువ. రెండూ ఒకే నిష్పత్తికి రెండు ముఖాలు. నూరు హాలీ రూపాయలకు న్యాయంగా రావలసినది కల్దారు 85 రూపాయల 11 అణాల 5 పైసల పైచిలుకు. 'నూటికి పదహారూ చిల్లర వట్టం' అన్న లెక్కను అటు నుంచి ఇటు తిప్పి తీసివేస్తే చేతికి వచ్చేది 83 రూపాయల 5 అణాల 4 పైసలు. తేడా 2 రూపాయల 6 అణాలు. ఇందులో అబద్ధమాడవలసిన పని కూడా లేదు. శాతం దేనిమీద అన్నది చెప్పకపోతే చాలు.

మూడోది, అన్నిటికంటే తీవ్రమైనది, అప్పు. ఈ అడవుల్లోని కోయ, కొండరెడ్డి కుటుంబాలకు నగదు ప్రధానంగా కలప కూలి, వెదురు, చింతపండు వంటి అటవీ ఫలసాయం ద్వారా, లేదా షావుకారు అప్పు ద్వారా అందేది. 1940వ దశకం ఆరంభంలో నదికి ఇరువైపులా కొండరెడ్లను అధ్యయనం చేసిన ఫ్యూరర్ హైమండార్ఫ్ వర్తకుల, కలప గుత్తేదారుల చేతుల్లో వారి రుణబద్ధతను నమోదు చేశాడు. బ్రిటిష్ వైపు 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం గిరిజనుల అప్పుపై వడ్డీని ఏడాదికి నూటికి ఇరవైనాలుగుకు పరిమితం చేసింది. నిజాం వైపు 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది.

చట్టం వడ్డీని చూసింది. పత్రంలో 'అరవై రూపాయలు' అని మాత్రమే ఉండి, ఇచ్చినది హాలీలో, రాబట్టేది కల్దారులో అయితే ఏమవుతుందో లెక్కించవచ్చు. అరవై హాలీ రూపాయల అసలు విలువ కల్దారులో సుమారు 51 రూపాయల 7 అణాలు. ఏడాది తిరిగాక చట్టబద్ధమైన వడ్డీతో కల్దారులో రాబట్టే మొత్తం 74 రూపాయల 6 అణాల పైచిలుకు. అంటే అసలు వడ్డీ నూటికి ఇరవైనాలుగు కాదు, నలభైనాలుగు పైనే. ఇది ఫలానా పత్రంలో జరిగిందని చెప్పడం కాదు, రెండు నాణేల సరిహద్దు కల్పించిన అవకాశాన్ని గుర్తించడం. వడ్డీపై పరిమితి విధించిన చట్టానికి నాణెం మార్పిడి ఒక దొడ్డిదారి కాగలదు. లెక్క తెలియనివాడికి అది వడ్డీగా కూడా కనిపించదు.

ఇటువంటి స్థితి గోదావరికే ప్రత్యేకం కాదు. నేపాల్ 1993 నుంచి నూరు భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయల స్థిరమారకాన్ని పాటిస్తున్నది. అక్కడి నిష్పత్తి ఎనిమిదికి ఐదు. ఒక నేపాలీ రూపాయికి 62 1/2 పైసలన్న సంఖ్య కూడా చిల్లరకు లొంగదు. స్థిరమారకాలను అధ్యయనం చేసేటప్పుడు రేటు ఎంతకాలం నిలిచిందన్న ప్రశ్నతో పాటు అది ఎంత చిన్న మొత్తం వరకు నిలిచిందన్న ప్రశ్న కూడా అవసరమని ఈ పోలిక సూచిస్తుంది.

6. నోటు, నిషేధం, విలీనం

మొదటి ప్రపంచయుద్ధకాలపు వెండి కొరతలో, 1918లో చట్టం ద్వారా హైదరాబాదు సొంత కాగితపు నోట్లను ప్రవేశపెట్టింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లోనూ వాటిపై విలువ అచ్చయ్యేది. రాజ్యపు అధికారభాష కాని తెలుగు రాజ్యపు నోటు మీద చోటు పొందడం భాషాచరిత్ర దృష్ట్యా గమనించదగినది.

1947 తర్వాత మారకం రాజకీయ ఆయుధమైంది. ఆ ఏడాది నవంబరులో యథాతథ ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు జారీ చేసింది. ఒకటి విలువైన లోహాల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. రెండోది భారత ద్రవ్యం రాజ్యంలో చట్టబద్ధంగా చెల్లదని ప్రకటించింది. ఢిల్లీ, హైదరాబాదుల మధ్య ఇది సార్వభౌమత్వ వివాదం. భద్రాచలం రేవుకు ఎదురుగట్టున ఉన్న ఊళ్లకు అది మరో విధమైన సమస్య: నది అవతల సరుకు అమ్మి తెచ్చుకొన్న రూపాయి ఇవతల చెల్లని రూపాయి.

1948 సెప్టెంబరు సైనికచర్య తర్వాత ఈ వైరుధ్యం తొలగింది. 1950 నుంచి భారత రూపాయి ఏడుకు ఆరు నిష్పత్తిలోనే హాలీతో పాటు చెలామణీ అయింది. 1957 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా దశాంశ నాణేలు, నయాపైసలు వచ్చాయి. 1959 నాటికి హాలీ పూర్తిగా రద్దయింది. ఒక్క దశాబ్దంలో ఖమ్మం ప్రాంతపు సామాన్యుడు మూడు లెక్కలు నేర్చుకోవలసి వచ్చింది. హాలీ పావలా భారత అణాల్లో మూడణాల అయిదు పైసల పైమాట. నయాపైసల్లో సుమారు ఇరవైఒకటిన్నర. కొత్త పావలా ఇరవైఐదు నయాపైసలు. పేరు అదే పావలా, కొలత వేరు. పాత పావలా ధరను అదే పేరుతో కొత్త నాణెంలో అడిగితే అది ఆరింట ఒక వంతు ధర పెంపు. డెబ్బై హాలీ రూపాయల జీతం అరవై భారత రూపాయలుగా మారినప్పుడు సంఖ్య తగ్గింది, విలువ తగ్గలేదు. ధరలు అదే నిష్పత్తిలో తగ్గితేనే ఆ మాట నిజం.

పాలనాపరమైన ఏకీకరణ కూడా ఇదే దశాబ్దంలో పూర్తయింది. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1959లో తూర్పుగోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మంలో చేరాయి. హాలీ కథ ముగిసిన ఏడే నదికి ఇరుగట్లూ ఒకే జిల్లా కావడం యాదృచ్ఛికమే కావచ్చు. రెండు గట్లనూ కలిపే వంతెన 1965లో గాని రాలేదు. రూపాయి వంతెన కంటే ముందే నది దాటింది.

7. పత్రాల పఠనం: కొన్ని సూచనలు

ఈ ప్రాంతపు క్రయపత్రాలు, రుణపత్రాలు, దేవాలయ లెక్కలు, ఆత్మకథలు పరిశోధనకు ఆకరాలు. వాటిలో 'సిక్కా హాలీ', 'సిక్కా ఉస్మానియా', 'కల్దారు' అన్న విశేషణాలుంటే నాణెం స్పష్టం. కేవలం 'రూపాయలు' అని ఉన్నచోట ఇతర ఆధారాలను పరిశీలించాలి.

అందులో తేదీ ముఖ్యం. ఫసలీ సంవత్సరం ఉన్నంతమాత్రాన పత్రం నిజాం రాజ్యానిదని నిర్ణయించరాదు. మద్రాసు రెవెన్యూ పాలనలోనూ ఫసలీ వాడుకలో ఉంది. అక్కడ అది జూలైలో మొదలయ్యేది, హైదరాబాదులో అక్టోబరులో. ఆజూర్, దై, బహమన్ వంటి నెలల పేర్లుంటే పత్రం హైదరాబాదు పాలనకు చెందినదనీ, అందులోని రూపాయి ప్రాథమికంగా హాలీ అనీ భావించవచ్చు. వర్తకుల మధ్య పత్రాల్లో మాత్రం స్థలం కంటే సరుకు వెళ్లే దిశ ముఖ్యం. రాజమండ్రి వైపు పోయే కలపకు నిజాం గడ్డ మీద రాసుకొన్న పత్రంలోనూ కల్దారు ధర ఉండే అవకాశముంది.

నదికి ఇరువైపులా కూలిరేట్లను, ధరలను, శిస్తును పోల్చేటప్పుడు నాణెం మార్చకుండా పోలిస్తే ఫలితంలో నూటికి 16 2/3 దోషం ముందే చేరి ఉంటుంది. ఒక రాజ్యంలో కూలి ఎక్కువ, మరో రాజ్యంలో తక్కువ అన్న నిర్ధారణను తారుమారు చేయడానికి ఈ దోషం చాలు.

8. ముగింపు

హాలీ, కల్దారుల మారకం తొలుత తక్కెడలో పుట్టి, 1893 తర్వాత ఖజానా నిల్వల మీద నిలిచి, 1947లో రాజకీయ వివాదాంశమై, 1950లలో విలీనంతో ముగిసింది. ఈ క్రమంలో ఏడుకు ఆరు అన్న అంకె స్థిరంగా కనిపిస్తుంది. ఆ స్థిరత్వం అందరికీ సమానంగా అందలేదన్నది ఈ పరిశీలనలో తేలిన ప్రధానాంశం. వెయ్యి మార్చుకొన్నవాడికి అది న్యాయమైన నిష్పత్తి. అణా మార్చుకొన్నవాడికి అందులో ఎనిమిదో వంతు వరకు దారిలోనే పోయే నిష్పత్తి. నాణెం పేరు రాయని పత్రం మీద వేలిముద్ర వేసినవాడికి అది లెక్కకందని వడ్డీ.

2014లో భద్రాచలం పరిసరాల్లో మళ్లీ రాష్ట్ర సరిహద్దు ఏర్పడింది. చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, పట్టణం తెలంగాణలో ఉంది. ఈసారి గీతకు రెండువైపులా ఒకే రూపాయి. పాత పత్రాల్లో మాత్రం ఆ రెండు రూపాయలూ ఇంకా విడివిడిగానే ఉన్నాయి. వాటిని ఒకటిగా చదివితే లెక్కలో నష్టపోయిన మనిషే చరిత్రలోనూ మరోసారి నష్టపోతాడు.